ఎడమ చెవి గుర్తు

ముళ్ళ ఎలుకను మొదటిసారి పట్టుకున్న రోజున దాని వీపు చర్మం నా చేతిలో ఉండిపోయింది. ఎలుక మాత్రం డబ్బా మూలకు పారిపోయింది. అరచేతికి తడి కాగితం అంటుకున్నట్టుంది. ఒకవైపు గట్టి వెంట్రుకలు, రెండోవైపు జిగట. అటు చూస్తే ఎలుక వీపంతా పచ్చిగా, ఎర్రగా మెరుస్తోంది. అది అరవలేదు, మెలికలు తిరగలేదు. ఒళ్ళు ఒకసారి విదిలించుకుని గింజలు తినడం మొదలుపెట్టింది. నాకు మాత్రం పొద్దున తాగిన కాఫీ గొంతుదాకా వచ్చింది.

పద్దెనిమిదేళ్ళుగా నేను ఒక పరిశోధన సంస్థలో ఎలుకల గది చూసుకుంటున్నాను. మా వీధిలో నన్ను 'ఎలుకలాయన' అంటారు. పెద్ద చదువుతో పనిలేని ఉద్యోగం. డబ్బాల్లో రంపపు పొట్టు మార్చాలి, నీళ్ళ సీసాలు కడగాలి, గింజలు వేయాలి, ఎన్ని పుట్టాయో ఎన్ని చచ్చాయో పుస్తకంలో రాయాలి. ఎలుక ఉచ్చ వాసన కొందరికి బట్టలకు పడుతుంది, నాకు ఒంటికే పట్టింది. ఇంటికి రాగానే రెండుసార్లు సబ్బు రుద్దుకుని స్నానం చేస్తేగాని దేవుడి ముందు కూర్చోను. కూర్చున్నాక కూడా ఒక్కోసారి దణ్ణం పెట్టిన చేతుల్లోంచే ఆ వాసన వచ్చేది. ఈ చేతుల్ని చేసింది ఆయనే కదా, ఆయనకు తెలియని వాసన ఉంటుందా అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

తెల్ల ఎలుకలతో నాకెప్పుడూ పేచీ లేదు. అవి పట్టుకుంటే చేతిలో ఒదుగుతాయి. ఈ ముళ్ళ ఎలుకలు వేరే రకం. మట్టి రంగు ఒళ్ళు, పెద్ద చెవులు, వీపు మీద వెంట్రుకలు చిన్న చిన్న ముళ్ళలా నిలబడి ఉంటాయి. ఏ పామో పట్టుకుంటే చర్మం దాని నోట్లో వదిలేసి పారిపోతాయట. బల్లి తోక వదలదా, అలాగే అనుకున్నాను. కానీ నెల తిరిగేసరికి ఆ వీపు మీద మచ్చ కనబడదు. కొత్త చర్మం, కొత్త వెంట్రుకలు, ఏమీ జరగనట్టే ఉంటుంది. చెవికి పెసరగింజంత చిల్లు వేస్తే రెండు నెలల్లో పూడిపోతుంది. తెల్ల ఎలుకకు వేసిన చిల్లు అది చచ్చేదాకా అలాగే ఉంటుంది. మనిషికి గాయం మానుతుంది గాని అతుకు వేసినట్టు మచ్చ పడుతుంది. మనలాగే పిల్లలకు పాలిచ్చి పెంచే ఈ చిన్న ప్రాణికి ఆ వరం ఎలా దక్కిందో తెలుసుకుని మనుషులకు తేవాలని మా పెద్ద మేడం పట్టుదల.

"ఇది సాధిస్తే కాలిన ఒళ్ళు, కోసిన గుండె, అన్నీ మచ్చ లేకుండా మానతాయి బాబాయ్," అని మేడం దగ్గర చదువుకునే పరిశోధక విద్యార్థిని నాతో అంది.

"మరి ముట్టుకుంటే ఒళ్ళు ఊడిరావడం కూడా మనకి వస్తుందామ్మా?" అన్నాను.

"అదొద్దులే బాబాయ్. ఎవరైనా షేక్ హ్యాండ్ ఇస్తే కష్టం," అని పకపకా నవ్వింది.

నేను ఆ నవ్వు వదిలేసి ఆ మొదటి మాటను మాత్రం ఇంటికి మోసుకెళ్ళాను. ఎందుకంటే మా ఇంట్లో కాలిన చెయ్యి ఒకటుంది.

మా అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. బట్టలు కుట్టే కంపెనీలో ఆవిరి ఇస్త్రీ యంత్రం మీద పనిచేసేది. ఆరు నెలల కిందట ఆ యంత్రం పై పలక తన కుడిచేతి మీద పడింది. గాయమైతే మానింది. మానిన తీరే చూడరాకుండా ఉంది. చెయ్యి వెనకవైపంతా ఎర్రగా ఉబ్బి, తాళ్ళు పేనినట్టు గట్టిపడి, వేళ్ళను మణికట్టు వైపు లాగేసింది. గుప్పిట మూయలేదు. గుండీ పెట్టుకోలేదు. చెంచా పట్టుకుంటే జారిపోతుంది. దురద పుట్టి రుద్దుకుంటే పొలుసులు రాలి ఒళ్ళో పడేవి. చేతి మీద ఏదో జంతువు ఎక్కి కూర్చున్నట్టు ఉండేది. తండ్రినై ఉండి ఈ మాట రాస్తున్నాను, కానీ అలాగే ఉండేది.

పెద్దాసుపత్రిలో చేతుల డాక్టరు సూటిగా మాట్లాడే మనిషి. "మచ్చ కోసేసి వేళ్ళు వదులు చేస్తాను. తొడ మీంచి పలచగా చర్మం తీసి అక్కడ అతికిస్తాను. అందంగా ఉంటుందని చెప్పను. అతుకు తెలుస్తుంది, తొడ మీద కూడా మచ్చ పడుతుంది. కానీ గుప్పిట మూస్తుంది. ఈ నెల దాటనివ్వకండి. కీళ్ళు బిగుసుకుపోయాక వస్తే నేనే కాదు, ఎవరూ ఏమీ చేయలేరు," అన్నాడు. నెలాఖరు గురువారానికి రాసిచ్చాడు.

ఇంటికొచ్చాక అమ్మాయి అంది: "ఒక మచ్చ తియ్యడానికి ఇంకో రెండు మచ్చలా? నాన్న దగ్గర ఎలుకల మందు తయారవుతోందిగా. అది వచ్చేదాకా ఆగుతాను."

"ఎలుకల మందంటే ఎలుకల్ని చంపేదొక్కటే నాకు తెలుసు. నువ్వు దాన్ని చేతికి రాసుకుంటానంటావేమే?" అంది మా ఆవిడ.

"నీకు తెలీదులే అమ్మా. అడుగు నాన్నని."

ఇద్దరూ నా వైపు చూశారు. "చూద్దాం. తొందరపడటం ఎందుకు?" అన్నాను. నేనన్నది అంతే. ఆ ఇంట్లో ఆ ఒక్క మాట చాలు.

ఇక ఆ మందు సంగతి. మేడం నలభై ముళ్ళ ఎలుకలను తీసుకుంది. అన్నిటికీ కుడి చెవికి పెసరగింజంత చిల్లు వేశాం. ఇరవైటికి మొదటి పది రోజులు మందు సూది, మిగతా ఇరవైటికి ఉత్త ఉప్పునీళ్ళ సూది. మందు తీసుకున్నవాటి చిల్లు తొందరగా పూడితే మందు పనిచేసినట్టు. ఒకే గాలి, ఒకే తిండి ఉండాలని నలభైనీ ఒకే పెద్ద తొట్టిలో ఉంచమంది. కాబట్టి ఏవి ఏవో తెలియడానికి గుర్తు కావాలి.

"ఉప్పునీళ్ళవాటికి తోక మొదట్లో పచ్చబొట్టు సిరాతో గుర్తు పెట్టు. మందువాటిని వదిలెయ్," అని చెప్పి మేడం వెళ్ళిపోయింది.

మొదటి ఎలుకను తోక దగ్గర పట్టుకుని సిరా సూది పెట్టానో లేదో, తోక చర్మం తొడుగులా మొత్తం ఊడి నా వేళ్ళ మధ్య ఉండిపోయింది. లోపల సన్నటి ఎముక ఎర్రటి తడితో ఊగుతోంది. ఊడిన తొడుగు ఇంకా వెచ్చగా ఉంది. రెండోదాన్ని మెల్లగా పట్టుకున్నాను. అదీ ఊడింది. మూడోది ఊడాక తొడుగు నేల మీద పడింది, తొట్టి అంచున ఉన్న ఇంకో ఎలుక మెడ చాచి దాన్ని వాసన చూసింది. నేను పోయి సింకులో కక్కుకున్నాను.

నోరు కడుక్కుని వచ్చి సొరుగు తీశాను. తెల్ల ఎలుకల చెవులకు చిల్లు వేసే చిన్న పంచ్ అందులోనే ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా మా గదిలో ఎలుకకు గుర్తంటే చెవి చిల్లే. ఆవగింజంత చిల్లు ఎడమ చెవికి, ఉప్పునీళ్ళ ఎలుకలు ఇరవైటికీ చకచకా వేసేశాను. చెవి ఊడి రాలేదు. ప్రాణం కుదుటపడింది. పుస్తకంలో 'గుర్తు పెట్టడమైనది' అని రాసి సంతకం చేశాను. ఏ గుర్తని ఎవరూ అడగలేదు. ఆ తొట్టిలో చెయ్యి పెట్టేవాణ్ణి నేనొక్కణ్ణే. కొలిచే రోజున పదీ పదీ ఏరి, రెండు డబ్బాల్లో వేసి, మీద చీటీలు అంటించి నేనే ఇచ్చేవాణ్ణి. విద్యార్థిని భూతద్దం కింద కుడి చెవి మాత్రం కొలిచి డబ్బాలు తిరిగి ఇచ్చేసేది.

ఐదో వారం కొలతలు అయ్యాక మేడం స్వయంగా ఎలుకల గదికి వచ్చింది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే మాట్లాడింది, కానీ కళ్ళు వెలిగిపోతున్నాయి.

"మందు జట్టులో చిల్లు దాదాపు సగం రోజులకే పూడుతోంది తెలుసా! వచ్చే నెల పై కమిటీ ముందు పెడుతున్నాను. వాళ్ళు సరేనంటే ఈ ఏడే మనుషుల మీద చూడొచ్చు."

ఆ సాయంత్రం ఇంట్లో ఈ కబురు చెబుతుంటే అమ్మాయి చెవికోసుకుని వింది. చెప్పిందే మళ్ళీ చెప్పించుకుంది. "అంటే నా చెయ్యి పాత చెయ్యిలా అయిపోతుంది. కాలనట్టే," అంది. "అమ్మా, డాక్టరుకి ఫోన్ చేసి గురువారం రావడం లేదని చెప్పు."

"గురువారానికి ఇంకా పన్నెండు రోజులుంది. దగ్గర పడ్డాక చేస్తాను," అంది మా ఆవిడ. ఆవిడకు నమ్మకం చిక్కలేదు.

ఏడో వారం, సోమవారం. మూడోసారి కొలవాలి. తొట్టి మూత తీయగానే కళ్ళు మండాయి. రాత్రి ఏదో పెనుగులాట జరిగినట్టుంది. ఒకటి చచ్చిపడి ఉంది, సగం లేదు, మిగతావి తినేశాయి. ఇంకొకటి నాలుగో వారంలోనే చచ్చింది. పొట్టులో అక్కడక్కడ ఊడిన చర్మం ముక్కలు, ఎండి ముడుచుకుపోయి, చెప్పు కింద పడ్డ తొక్కల్లా. మోచేతిదాకా తొడుగు వేసుకుని ఏరడం మొదలుపెట్టాను. ఎడమ చెవి బాగున్నవి పది ఇట్టే దొరికాయి. చిల్లున్నవి ఏరుతుంటే ఏడు దగ్గర ఆగిపోయాను.

మళ్ళీ వెతికాను. తొట్టి మొత్తం ఖాళీ చేసి ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టాను. చచ్చినవి రెండు పోగా ముప్ఫై ఎనిమిది. ఎడమ చెవికి చిల్లున్నవి ఏడు. ఎడమ చెవి నిండుగా ఉన్నవి ముప్ఫై ఒకటి. మందు ఇచ్చిందే ఇరవైటికి!

ఒకదాన్ని దీపం వెలుగుకు పట్టుకుని చెవి సాగదీసి చూశాను. చెవి పొరలో సూదిమొనంత తెల్లటి చుక్క కనబడింది. నేను వేసిన చిల్లే. రేపటికి ఆ చుక్క కూడా ఉండదు.

గింజల బస్తా మీద కూలబడ్డాను. చిల్లులు పూడ్చుకునే ఎలుకకు చిల్లు పెట్టి గుర్తనుకున్నాను. ఉప్పునీళ్ళ జట్టులో తొందరగా మానే ఒళ్ళున్న ఎలుకలు నా గుర్తును పూడ్చేసుకున్నాయి. పూడ్చుకున్నవాటిని నేనే తీసుకెళ్ళి మందు డబ్బాలో వేశాను. నెమ్మదిగా మానేవి మాత్రమే ఉప్పునీళ్ళ డబ్బాలో మిగిలాయి. మందు డబ్బా గెలవక ఏం చేస్తుంది? మందులో ఏముందో నాకు తెలియదు గాని, ఆ లెక్కలో ఉన్నది నా అసహ్యమే. మూడు తోకలు ఊడినందుకు నేను చేసిన పని.

డబ్బాలో ఏడు వేసి, ఇంకొన్ని చచ్చాయని రాస్తే ఎవరడుగుతారు అని కూడా అనిపించింది. అనిపించలేదని చెబితే అబద్ధం. విద్యార్థిని వచ్చి తలుపు దగ్గర నిలబడి, "బాబాయ్, డబ్బాలు?" అంది. "రేపిస్తానమ్మా, ఒంట్లో బాగోలేదు," అన్నాను.

"మొహం అలా పాలిపోయిందేం? ఎలుక కరిచిందా?"

"కరిచిందనుకో."

ఇంటికి వెళ్ళేసరికి అమ్మాయి ఎడమ చేత్తో చెంచా పట్టుకుని అన్నం తింటోంది. కుడిచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. నేను కంచం తీసుకుని నా చోట, గోడకెదురుగా కూర్చున్నాను.

"రేపు పొద్దున డాక్టరుకి ఫోన్ చేసేస్తాను. ఇది మరి వద్దంటే వద్దంటోంది," అంది మా ఆవిడ, నా మొహం చూస్తూ. ఆవిడ నేను కాదనాలని చూస్తోందని నాకు తెలుసు.

కంచం పక్కకు జరిపాను. లేచి స్నానం చేసి దేవుడి ముందు కూర్చున్నాను. ఒక ఎలుకకు ఇచ్చినదాన్ని నా బిడ్డకు ఎందుకివ్వలేదయ్యా అని నిలదీద్దామనుకున్నాను. ఆ ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది: డాక్టరు ఇచ్చినదాన్ని నేనెందుకు పుచ్చుకోనివ్వలేదు? దేవుడు చెప్పలేదు. ఆయన చెప్పాల్సింది కూడా కాదు. ఎంతసేపు కూర్చున్నా దణ్ణం పెట్టడానికి చేతులు కలవలేదు.

పొద్దున బయల్దేరుతూ, "ఇప్పుడే ఫోన్ చెయ్యకు. నేను మధ్యాహ్నానికి వస్తాను," అన్నాను మా ఆవిడతో.

"ఏమండీ, ఏమైంది?"

"వచ్చాక చెప్తాను."

మేడం గదిలో కమిటీకి చూపించే చెవుల బొమ్మలు గోడ నిండా అంటించి ఉన్నాయి. గుమ్మంలో నిలబడి, "ఒక మాట మీ చెవిన వేయాలి మేడం," అన్నాను.

"వెయ్యి, వెయ్యి. ఇప్పుడు నా బతుకంతా చెవులేగా," అని నవ్వింది.

చెప్పాను. తోకలు, సింకు, సొరుగు, పంచ్, ఏడు, ముప్ఫై ఒకటి. చెబుతుంటే ఆవిడ నవ్వు ఎప్పుడు పోయిందో చూడలేదు.

"తోకకి కదా వెయ్యమన్నాను?"

"ఊడొచ్చింది మేడం. మూడింటికి. అసహ్యం వేసి..."

"అసహ్యం వేసి? చిల్లులు పూడుస్తుందని తెచ్చిన ఎలుకకి చిల్లు పెట్టి గుర్తంటావా?"

"పద్దెనిమిదేళ్ళ అలవాటు మేడం. చెయ్యి దానంతటదే చేసేసింది."

ఆవిడ నన్ను చూసిన చూపు నాకు తెలిసినదే. చర్మం అరచేతికి అంటుకున్నప్పుడు నా మొహం అలాగే ఉండి ఉంటుంది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి చాలాసేపు గోడ మీది చెవులను చూసింది.

"కొంప ముంచాను మేడం."

"ఒక్కడివే ముంచలేదులే. 'గుర్తు పెట్టడమైనది' అని రాస్తే, ఏం గుర్తయ్యా అని నేనడగాలి. తోకలు ఊడతాయని నేను చెప్పాలి. ఏడు వారాల్లో ఒక్క ఎలుకనైనా చేత్తో పట్టుకున్నానా? గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకున్నాను." ఫోను దగ్గరికి లాక్కుంది, ఎత్తలేదు. "ఇప్పుడు వాళ్ళకి ఫోన్ చేసి ఏమని చెప్పను? ఛీ."

ఆ ఛీ ఎవరినో నాకు తెలియలేదు. నేను కదలకపోవడం చూసి, "ఇంకేంటి?" అంది.

"మా అమ్మాయి చెయ్యి కాలింది మేడం. ఎల్లుండి ఆపరేషన్. మీ మందు వస్తుందని ఆపేస్తున్నాం. ఆగొచ్చా అని..."

ఆవిడ కుర్చీలోంచి లేచింది. "ఈ మందు కోసం ఆపావా? ఎవరు చెప్పారు నీకు ఆగమని?"

"మీరే. ఈ ఏడే మనుషుల మీదన్నారు."

"నా నోరు పడ!" అని నుదురు పట్టుకుంది. మెల్లగా చెప్పింది: "చూడు. తల్లి కడుపులో కొన్ని నెలలదాకా ఈ విద్య మనకీ ఉంటుంది. అప్పుడు గాయమైతే మచ్చ పడదు. ఆ తర్వాత మన ఒళ్ళు ఎందుకు మరిచిపోతుందో, ఆ ఎలుక ఎందుకు మరిచిపోలేదో అదే వెతుకుతున్నాం. దొరుకుతుందనే నా నమ్మకం. పదేళ్ళు పడుతుందో, ఇరవై పడుతుందో. మీ అమ్మాయి కీళ్ళు ఇరవై రోజులు కూడా ఆగవు. ఇక్కడ నిలబడ్డావేం, వెళ్ళు! రేపు వచ్చి ఆ ముప్ఫై ఎనిమిదిటి సంగతి చూడు. ఇక వాటితో పనిలేదు."

పనిలేని ఎలుకలను ఏం చేస్తారో నాకు తెలుసు. గాజు పెట్టెలో పెట్టి గ్యాసు వదలాలి. వదలాల్సింది నేనే.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని ఎడమ చేత్తో తన పేరు రాయడం నేర్చుకుంటోంది. మా ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మందు లేదు తల్లీ," అన్నాను. నిలబడే చెప్పేశాను, మేడంకు చెప్పినట్టే, ఒక్కటీ దాచకుండా.

అమ్మాయి నమ్మలేదు. "నాకు చెవిలో పువ్వులు పెట్టకు నాన్నా. ఎలాగైనా ఆపరేషన్‌కి పంపాలని ఈ కథ."

"పువ్వులు కాదమ్మా, చిల్లులు పెట్టాను. నీకు కాదు, వాటికి. కావాలంటే మేడంతో మాట్లాడు."

తనకు ఒక్క క్షణం నవ్వొచ్చింది. వెంటనే కాగితం నలిపి విసిరేసింది. "అంటే నెల్లాళ్ళ నుంచి నేను ఎదురుచూస్తోంది నీ చేతకానితనం కోసమా?"

"నాన్నతో మాట్లాడే తీరేనా అది?" అంది మా ఆవిడ.

"మాట్లాడనీ," అన్నాను.

"ఎలుక తోక ఊడితే అసహ్యం వేసిందన్నావు కదా. నా చెయ్యి చూసినా అంతేగా నీకు?"

"ఛ, అవేం మాటలు?"

"మరి అన్నం దగ్గర గోడకెదురుగా కూర్చుంటావేం? ఇదివరకు నా పక్కన కూర్చునేవాడివి. నేను నీళ్ళిస్తే గ్లాసు అడుగు పట్టుకుని తీసుకుంటావు, నా వేళ్ళు తగలకుండా. రోజూ ఎలుకల్ని ముట్టుకుంటావు, నన్ను ముట్టుకుని ఐదు నెలలైంది. నేను చూడ్డం లేదనుకున్నావా?"

మా ఆవిడ తల దించుకుంది. ఆవిడకూ తెలుసని అప్పుడర్థమైంది.

"నాకు మచ్చ లేని చెయ్యి అక్కర్లేదు," అంది అమ్మాయి. "గుప్పిట మూస్తే చాలు. అతుకులుండనీ, గతుకులుండనీ. నువ్వు తల తిప్పుకోని చెయ్యి కావాలని ఆగాను. నువ్వు కూడా ఆగుదామనేసరికి, చూశావా, ఈయనకి అదే కావాలి అనుకున్నాను."

అబద్ధం చెప్పడానికి అదొక్కటే సమయం. చెప్పి ఉంటే ఇద్దరమూ ఊరుకునేవాళ్ళం.

"అసహ్యం వేసిందమ్మా," అన్నాను. "ఇప్పటికీ వేస్తుంది. నాకు నామీద అంతకంటే ఎక్కువ వేస్తోంది. కానీ వెయ్యలేదని చెప్పను."

"ఏమండీ!" అంది మా ఆవిడ.

అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. "ఇన్నాళ్ళకి ఒక్క నిజం చెప్పావు," అని తల్లివైపు తిరిగింది. "అమ్మా, ఫోన్ చెయ్యి. గురువారం ఎన్నింటికి రావాలో అడుగు."

బుధవారం నేను వెళ్ళి ముప్ఫై ఎనిమిది ఎలుకలనూ గాజు పెట్టెలో పెట్టాను. మచ్చ లేని ఒళ్ళు, నిండు చెవులు. తప్పు చేసింది నేను, పోయింది అవి. దాని గురించి ఇంకేం రాయను.

గురువారం ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. ఐదో రోజున కట్టు విప్పారు. ఇంటి దగ్గర రోజు విడిచి రోజు కట్టు మార్చాలనీ, ఇంట్లో ఒకరు నేర్చుకోవాలనీ నర్సు చెప్పింది. మా ఆవిడ ముందుకు రాబోయింది. "నేను నేర్చుకుంటాను," అన్నాను. ఆవిడ నన్నొకసారి చూసి వెనక్కి జరిగింది.

చెయ్యి వెనకంతా ఊదారంగు అతుకు. చుట్టూ ఇనప కుట్లు వరసగా, డబ్బా మూతకు కొట్టినట్టు. అంచుల్లో పసుపు రసి. పాత రక్తం, విరిగిన పాలు కలిసిన వాసన. తొడ మీది గాజుగుడ్డ పుండుకు అంటుకుని, నర్సు తడిపి లాగుతుంటే జిగటగా సాగింది. అమ్మాయి పళ్ళు కొరుక్కుంది. నేను పరుగున బేసిను దగ్గరికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి నర్సు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "పద్దెనిమిదేళ్ళు ఎలుకల్లో పనిచేశారటగా. ఇదేం విడ్డూరం?"

"ఎలుకలు నా మొహం చూడవు కదమ్మా," అన్నాను.

మంచం మీంచి అమ్మాయి ముక్కుతో నవ్వింది. "ఆయన్ని ఇంకోసారి కక్కుకోనివ్వండి సిస్టర్. తర్వాత నేర్చుకుంటారు."

రెండోసారి కక్కుకోలేదు. గాజుగుడ్డ ఎలా తడపాలో, ఏ మూల నుంచి ఎత్తాలో, రసి ఏ వైపు నుంచి ఏ వైపుకు తుడవాలో నర్సు చూపించింది. నేను చేశాను. నా వేలు ఆ అతుకు మీద ఆనినప్పుడు అది గోరువెచ్చగా, వేరే ఎవరి ఒళ్ళో అన్నట్టు మెత్తగా ఉంది. ఒళ్ళు జలదరించింది. చెయ్యి తీయలేదు.

ఇప్పుడు నాలుగో వారం నడుస్తోంది. కుట్లు తీసేశారు. మేడం నన్ను పనిలోంచి తీయలేదు. కొత్త ఎలుకలు వచ్చాయి, మొదటి రోజున తనే తొడుగు వేసుకుని ఒకదాన్ని పట్టుకుంది, పట్టుకుని 'అమ్మో' అంది. నేను పని నుంచి రాగానే స్నానం చేసి, దేవుడి కంటే ముందు అమ్మాయి దగ్గర కూర్చుంటున్నాను. అతుకుకు నూనె రాసి ఒక్కో వేలునూ ముప్ఫైసార్లు మడిపించాలి. దేవుడు కాసేపు ఆగగలడు, కీళ్ళు ఆగవని డాక్టరు చెప్పాడు.

నిన్న ఇరవై దాకా వచ్చాం. అతుకు అంచున పొర ఒకటి లేచి తడిగా ఉంది. అది నా బొటనవేలికి అంటుకుంది.

"నాన్నా, మొహం," అంది అమ్మాయి.

"ఏమైంది?"

"మళ్ళీ అలా పెట్టావు."

"పెట్టాను," అన్నాను. "ఇంకో పదున్నాయి, మడువు."

తను వేళ్ళు మడిచింది. చూపుడువేలు అరచేతికి ఇంకా ఒక వేలెడు దూరంలో ఆగింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతికిన చర్మం తెల్లగా సాగి, వణికి, నిలబడింది. చూపు అక్కడే పెట్టి లెక్కపెట్టాను.

"ఇరవై ఒకటి."